టోపీ

గ్రిమ్స్‌బీలో చేపల ఫ్యాక్టరీ.
పొద్దున్నే ఆరింటికి మంచుముక్కల్లో చేతులు.
నీలం గ్లౌజుల్లో వేళ్ళు నావో కావో
గిల్లి చూసుకుంటే గానీ తెలీదు.

పదింటికి టీ. పావుగంట.
ఆ పావుగంటలోనే నేనూ జానిసూ
మారిషస్ వెళ్ళొస్తాం.

టిక్కెట్టు నిన్నటికంటే ముప్ఫై పౌండ్లు పెరిగింది.
"దిగుతుందిలే" అంటుంది,
ఉల్లిపాయల గురించి మా పిన్ని అన్నట్టే.

గది సముద్రం వైపే కావాలంటాను.
పుట్టిందగ్గర్నుంచీ అదే చూస్తున్నా, విసుగొచ్చిందంటుంది.
ఈ బూడిదరంగుది లెక్కలోకి రాదంటాను.
అక్కడ మా తెలుగువాళ్ళున్నారట,
ఎప్పుడో చెరకు నరకబోయినవాళ్ళ మునిమనవలు.
"అయితే బేరాలన్నీ నువ్వే ఆడు."

ఒక్క షరతు మాత్రం ఇద్దరిదీ:
వెళ్ళిన వారమంతా చేప ముట్టం.

సెలవు కాగితం మార్చి నుంచీ నా లాకర్లోనే ఉంది.
తేదీ రాయాల్సిన చోట టీ మరక.

ఇవాళ కోల్డ్ స్టోరేజీ తలుపు తోస్తే
జుట్టువల మీద గడ్డిటోపీతో జానిస్,
ధర చీటీ ఇంకా చెవి పక్కన ఊగుతూ,
మైనస్ ఇరవైలో
పెట్టెలు లెక్కపెడుతోంది.

"కాస్త పక్కకి జరుగు," అంది తలెత్తకుండానే,
"ఎండకి అడ్డొస్తున్నావ్."