మూడో స్తంభం

బల్బుకు రెండు రూపాయలు.
ట్యూబులైటుకైతే ఐదు.
గుజిరీ కంతప్ప కట్టిన రేటు అది.
గేరి చీకటైతే
వాని మనుషులు రాగితీగ కోసుకుపోయేటోళ్లు.
ఆర్పే పని మాది,
నాదీ, చాందుదీ.

కర్నూలు పాతబస్తీలో నా గురి అంటే గురి.
హంద్రీలో నీళ్లకన్నా గులకరాళ్లే ఎక్కువ.
జేబు నిండా ఏరుకొని
ఇషా నమాజు అయినాక బయల్దేరేటోణ్ణి.

నాయన పరుపులు కుట్టేవాడు.
దూదేకే మిషను వచ్చినాక విల్లు అటకెక్కింది,
ఆయన బ్రాందీషాపు మెట్లెక్కినాడు.
దూదిని ఏకిన చెయ్యి కదా,
గింజ రాలేదాకా కొట్టడమే తెలుసు.
నాలో ఏ గింజ కనబడిందో ఆయనకు.

అమ్మ ఆదోని మిల్లులో పనికని పోయి
ఆదోనిలోనే నిలబడిపోయింది.
జేజి పీరమ్మ మిగిలింది,
చూపు సగం, మాట మాత్రం నిండుగా.
బేస్తవారం బేస్తవారం
పీర్లచావిడి గూట్లో దీపం పెట్టి
"ఈని చేతిలో రాయి జార్చు సామీ" అని మొక్కేది.
ఆమెకు తెలుసని నాకు తెలియదు.

మద్దిలేటి పట్టుకున్నాడు.
మూడో స్తంభం కాడ, గాజు ఇంకా రాలుతుండగానే,
వెనకనుంచి, మెడ.
లైన్‌మెన్. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు,
పదకొండు వేల వోల్టులు మింగినాయని చెప్పుకుంటారు.
అలవాటుగా వీపు తిప్పినా.
కొట్టలే.
"ఇంతవరకు ఎన్ని పగలగొట్టినావురా ఉసేనీ?"
నలభై ఒకటి.
అబద్ధం ఎందుకో తట్టలేదు.
"సరే. నలభై ఒక్క దినాలు నిచ్చెన పట్టుకో."

నిచ్చెన పట్టుకోవడమంటే
పైనున్న మనిషి బరువు
అరచేతుల్లోకి దిగడం.
అంతకుముందు నన్ను నమ్మి
ఎవురూ ఒక్క మెట్టు ఎక్కలేదు.

చాందును కూడా పిలిచినా.
"ఊరికే మోస్తావేందిరా, పిచ్చోడా" అని నవ్వినాడు.
ముప్పైమూడో దినం రాత్రి
బురుజు వెనక తీగ కోస్తా
లైను చచ్చిందనుకున్నాడు.
చావలేదు.
తెల్లారి వాణ్ణి మద్దిలేటే దించినాడు.
నిచ్చెన నేనే పట్టుకున్నా.
దీని గురించి ఇంతకన్నా రాయలేను.

నలభై రెండో దినం ఎవురూ రమ్మనలే.
పోయినా.
ఉగ్గాని పొట్లం సగం చేసి ఇచ్చి
"బడికి పోక ఎన్నాళ్లయిందిరా" అన్నాడు, అంతే.

పదిలో లెక్కలు మూడుసార్లు తప్పినా.
నాలుగోసారి ముప్పైఆరు.
ఆ మార్కుల కాగితం
మాసిన కాకీ జేబులో పెట్టుకొని
సబ్‌స్టేషనంతా తిరిగి చూపించినాడు మద్దిలేటి,
ముప్పైఆరును మూడొందల అరవై మాదిరి.

తర్వాత ఐటీఐ. పరుపుల్లేని హాస్టలు.
పరుపులు కుట్టే ఇంట్లో పుట్టి
గోనెపట్టా మీద పెరిగినోనికి
అదొక లెక్కా.

స్తంభం ఎక్కే పరీక్ష నాడు
సగంలో కాళ్లు బిగుసుకుపోయినాయి.
పైన, తీగల్లో, చాందు.
కింద పట్టుకోవడానికి నిచ్చెనే లేదు,
ఉత్త స్తంభం, ఉత్త కాళ్లు.
జేజి గూట్లో దీపం గుర్తొచ్చింది.
దేవుణ్ణి ఏమీ అడగలే.
ఒక అడుగు వేసినా. ఇంకో అడుగు.
నాకు తెలిసిన దువా అదే.

ఇప్పుడు ఈ గేరి లైను నాది.
నాయన వాకిట్లో దగ్గుతా కూర్చుంటాడు.
నేను ఎక్కితే తలెత్తి చూస్తాడు,
దిగితే దించుకుంటాడు.
మేం మాట్లాడుకోం.
ఒక్కసారి మాత్రం లేచొచ్చి
నిచ్చెన పట్టుకున్నాడు.
ఆ రోజు మొదటి మెట్టు ఎక్కడానికి
నాకు చానాసేపు పట్టింది.

జేజికి చూపు పూర్తిగా పోయింది.
వీధిలైటు వెలిగిందో ఆరిందో తెలియదు.
బేస్తవారమే కాదు,
గాలివాన వచ్చిన ప్రతి రాత్రీ
తడుముకుంటా పోయి దీపం ముట్టిస్తాది.
"కరెంటుంది కదా జేజీ" అంటే
"అది ఊరికిరా.
ఇది, నువ్వు దిగేదాకా."