చుట్టు తోవ

పర్లాకిమిడి పెద్దాసుపత్రిలో
రక్తం సీసాలకు చీటీలు అంటించే పని నాది.
రెండో డ్యూటీ దిగేసరికి తొమ్మిదిన్నర.
బరంపురం పోటీల్లో తెచ్చుకున్న వెండి పతకం
టీవీ పైన మేకుకి వేలాడుతుండేది.
తెల్ల బట్టలు, మెత్తటి చాప,
నమస్కారంతో మొదలయ్యే దెబ్బలాట.
మూడేళ్ళు నేర్చుకున్నది అది.

రైలు గేటు దగ్గర ఒకడు
వెనకనుంచి చున్నీ పట్టుకున్న రాత్రి
ఎవరూ నమస్కారం చెయ్యలేదు.
చేతులు నావి కావు.
గొంతుకి పిడికెడు పొడి అటుకులు అడ్డంపడ్డట్టు.
వాడు సంచీ లాక్కుపోయిన పావుగంటకి
వచ్చింది నా మొదటి గుద్దు,
గేటు కమ్మీ మీదికి.
ఆ వేలి కణుపు ఇప్పటికీ వాన ముందు పలుకుతుంది.

వాపు తగ్గకముందే వెళ్ళాను పైల తవిటయ్య దగ్గరికి,
మూతపడ్డ బియ్యం మిల్లు వెనక.
ఒకప్పుడు తాలింఖానాలో ఆయన కర్ర తిప్పితే
చినుకు ఒంటిని తాకేది కాదని చెప్పుకునేవారు.
ఇప్పుడు ఒక కంటికి పొర.
పతకం సంగతి విన్నాడు. వినీ,
"ఆ రేత్రి ఏ చెప్పులేసుకున్నావు?" అన్నాడు.
"రేపు అయ్యే ఏసుకుని రా."

ఊక మీద జారుతూ,
భుజాన సంచీతో, చేతిలో టిఫిన్ గిన్నెతో,
దీపం ఆర్పేసి,
ఒళ్ళు అలిసిపోయాకనే మొదలుపెట్టి.
దెబ్బ మాత్రం ఎన్నాళ్ళకీ నేర్పడే!
రోజూ ఒకటే ప్రశ్న: "వొచ్చిన తోవలో ఏటి సూసినావు?"
మొదట్లో ఏమీ లేదు.
తర్వాత, కొమ్ము బొమ్మల కొట్టు షట్టరు సగమే దించి ఉందని చెప్పాను.
ఇంకొన్నాళ్ళకి,
ఆ సగం కింద రెండు జతల కాళ్ళున్నాయని.

భయం వేస్తే?
"ఎయ్యాల. బయ్యం ఇంటి కుక్క.
మొరిగితే కొట్టకు, ఎటేపు మొరుగుతోందో సూడు."

అరవాలంటే ఒడియాలోనా, తెలుగులోనా?
పళ్ళు లేని నోటితో నవ్వాడు.
"ఏది ముందొస్తే అది.
ఇన్నోడికి అర్తం అవక్కర్లేదు,
లెగిసి దీపమేస్తే సాలు."
మిల్లు రేకులు అదిరేలా అరిచాను.
వచ్చింది ఏ భాషా కాదు,
మా మామ్మ గేదెల్ని అదిలించే కేక.

అసలు నేర్చుకున్నది టీ కొట్టు దగ్గర.
ఇరవయ్యేళ్ళ కుర్రాడు, తాగి ఉన్నాడు.
తవిటయ్య మోచెయ్యి తగిలి వాడి గ్లాసు ఒలికింది.
తిట్టాడు. తల్లిని కూడా కలిపి తిట్టాడు.
నేను మునివేళ్ళ మీదికొచ్చేశాను,
ఇప్పుడు చూడాలి ముసలాడి చెయ్యి అనుకుంటూ,
సిగ్గు విడిచి చెబుతున్నా, ఆశగా.
ఆయన రెండు అరచేతులూ పైకెత్తి
"తప్పయిపోనాది బాబూ" అన్నాడు,
వాడి టీకి కూడా డబ్బులు పెట్టాడు,
వీపు తిప్పకుండా నాలుగడుగులు వెనక్కి నడిచాడు.

దారంతా నేను మాట్లాడలేదు.
"ఆడి జేబులో ఏటున్నాదో నాకు తెల్దు.
నా ఇంట్లో ఏటున్నాదో తెలుసు."
ఇంకాస్త నడిచాక,
"నా సేతులు సూసినావా?"
అప్పుడు గుర్తొచ్చింది.
బతిమాలుతున్నట్టున్న ఆ అరచేతులు
వాడి గెడ్డానికి జానెడు దూరంలోనే ఉన్నాయి,
చివరిదాకా.

నిన్న రాత్రి గేటు అవతల ఒక బండి,
లైటు లేదు, ఇంజను నడుస్తోంది.
ఏమీ కాకపోవచ్చు.
ఎవరో, ఎవరికోసమో.
లోపల కుక్క ఒక్కసారి మొరిగింది.
వెనక్కి తిరిగాను,
పెట్రోలు బంకు వెలుతురు మీదుగా
కిలోమీటరు ఎక్కువ నడిచాను.
ఆ బండి కథ నాకెప్పటికీ తెలియదు.

"ఇంత ఆలస్యమా?" అంది చెల్లి.
చుట్టు తిరిగొచ్చానన్నాను.
పతకం తీసేసిన మేకుకి సంచీ తగిలించి,
చల్లారిన అన్నంలో
చారు పోసుకున్నాను.