చెవి గురుతు

ఆరు వారాలకోసారి పడవలో వస్తాడు మా పాదిరి,
అదీ సముద్రం ఒప్పుకుంటే.
తక్కిన ఆదివారాలు
ఫారో దీవుల ఈ కొసన, గడ్డి కప్పిన గుడిలో
అచ్చు వేసిన ప్రసంగాన్ని చదివి వినిపించేది నేనే.
పద్దెనిమిదేళ్ళుగా. తడబడకుండా.

సెప్టెంబరులో కొండ మీంచి మందను దింపిన రోజు
మిక్యాల్ నా పొట్టేలుని తనదన్నాడు.
ఎడమ చెవి కొస కత్తిరింపు నా గురుతు,
దాని కింద ఇంకో గాటుంటే అతనిది.
ఆ గాటు కత్తి పెట్టిందా, కంచె తీగ పెట్టిందా
అన్నదే తగువు.
నేనో మాట అన్నాను.
పొట్టేలు గురించి కాదు,
మంచులో దారి తప్పి
రేవు ముందే మునిగిపోయిన అతని తమ్ముడి గురించి.

ఆ మాట అక్కడే ఉండిపోలేదు.
నాతో ఇంటికొచ్చింది.
రాత్రిళ్ళు పక్క మీద వాదిస్తాను.
నా తలలో ఉన్న మిక్యాల్
ఊళ్ళో ఉన్న మిక్యాల్ కన్నా గట్టిగా అరుస్తాడు,
అతనెన్నడూ అనని మాటలంటాడు.
జవాబులు నూరి నూరి
తెల్లారేసరికి నేనే గెలుస్తాను.
గెలిచినవాడికి దవడ నొప్పి.

వల బాగుచేయబోతే ముడి తప్పుతోంది.
"చేపకి ఉప్పు పట్టించావా" అని బిల్హిల్ద్ అడిగితే
"నన్నే అంటావా" అన్నాను.
ఉప్పు జాడీ నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.
పరలోక ప్రార్థనలో ఋణస్థుల దగ్గరికి రాగానే
దగ్గొస్తుంది నాకు.
రోజూ. సరిగ్గా అక్కడే.

నిన్న ఆదివారం. కిటికీ నిండా పొగమంచు.
పేజీ మీద అక్షరాలు చేపపిల్లల్లా చెదురుతున్నాయి.
మూడో బెంచీలో మిక్యాల్, తల వంచుకుని.
'దేవుని గొర్రెపిల్ల' అని ఉన్నచోట
నా నోరు
'దేవుని పొట్టేలు' అంది.
అని ఊరుకోలేదు,
'ఎడమ చెవి కొస కత్తిరించినది' అంది.

ఎవరో పిల్లాడు కిసుక్కుమన్నాడు.
తర్వాత గాలి చప్పుడే.
నలభై రోజులుగా నా లోపల చదువుతున్నదెవరో
అందరూ విన్నారు. నేనూ విన్నాను.

అప్పుడు మూడో బెంచీ నుంచి, మెల్లగా,
"గొర్రెపిల్ల."
ఎత్తిపొడుపు లేదు అందులో.
చీకట్లో వచ్చే పడవకి
ఇటు బండరాయి ఉందని చెప్పే గొంతు.
ఆ రాత్రి ఒడ్డున నిలబడి
తమ్ముణ్ణి పిలిచింది ఆ గొంతుతోనే.
"గొర్రెపిల్ల" అన్నాను.
పోయిన వరస దొరికింది.

కోపాన్ని ప్రభువు
హత్య పక్కన ఎందుకు నిలబెట్టాడో
ఇన్నేళ్ళూ పైకి చదివాను.
మునిగినవాణ్ణి మళ్ళీ ముంచింది నా నోరే.
ఋణస్థుడన్న మాటకి మాత్రం
ఇన్నాళ్ళూ అతని మొహమే పెట్టుకున్నాను.

పొట్టేలు ఎవరిదో ఇంకా తేలలేదు.
పెద్దలు బుధవారం దాని చెవి చూస్తారట.
ఇవాళ అతని గుమ్మం ముందు బూట్లు విప్పాను.
చెయ్యెత్తాను గాని తట్టలేకపోయాను.
దగ్గొచ్చింది.
అది విని
అతనే తలుపు తీశాడు.