చెవి వెనక గోరంత జాగా

బోరా గాలి మొదలై ఇది మూడో రోజు.
త్రియెస్తె మలుపుల్లో
ముసలివాళ్ళు పట్టుకు నడవాలని కట్టిన తాళ్ళు
వాళ్ళకంటే ముందే తూలుతున్నాయి.
నా బుగ్గలు
ఎవరో చెంపలు వాయించినట్టు కందిపోయాయి.

యాభై ఎనిమిదేళ్ళ ముఖం.
సబ్బు పడదు, సెంటు పడదు,
కొత్త దిండు గలీబు కూడా పడదు.
మంచిమాటకైనా దద్దురులు లేస్తాయని
మా అక్క ఓర్నెల్లా వెక్కిరింపు.
నిరుడు పుట్టినరోజుకి తనే
బంగారు మూత సీసా ఒకటి ఇచ్చింది.
"పదేళ్ళు వెనక్కి" అని రాసుంది దాని మీద.
వెనక్కే తీసుకెళ్ళింది, అబద్ధం చెప్పకూడదు.
పదేళ్ళు కాదు,
తట్టు పోసిన ఆరో ఏడుకి.

మందుల కొట్లో తుల్లియా
మూడు సీసాలు తెచ్చి వరసగా నిలబెట్టింది,
బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లల్లా.
"ఇది రెటినాల్. గట్టి పిండం.
ముడతల్ని లొంగదీస్తుంది, నిన్నూ వదిలిపెట్టదు.
ఇది విటమిన్ సి. మంచిదే, కాని ముక్కుమీద కోపం.
ఇది బావంచాల సారం.
దీనికి నోట్లో నాలుక లేదు. పని నిదానం."
"వాసన?"
"కలపలేదు."
"ఎన్నాళ్ళకి తెలుస్తుంది?"
తుల్లియా కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
"నెలలు పట్టొచ్చు. అసలు తెలియకపోనూవచ్చు."
ఆ మాటకే కొనేశాను.

నా బతుకుతెరువు పాత చిత్రాలకి చికిత్స.
మ్యూజియం వెనక గదిలో, ఉత్తరపు కిటికీ కింద,
నూనెరంగుల ముఖాల మీద
మూడొందల ఏళ్ళ మసి తుడుస్తాను.
ఎవరు పని నేర్చుకోడానికొచ్చినా మొదటి పాఠం ఒకటే:
ముఖం జోలికి పోకు.
చట్రం నీడ పడే మూలన
గోరంత జాగా చూసుకో.
పుల్లకి చుట్టిన దూది. ఒక్క చుక్క. ఒక్క దొర్లింపు.
దూదికి మసి అంటితే సరే,
రంగు అంటితే చెయ్యి తీసెయ్.

తీయని చెయ్యి ఏం చేస్తుందో
ఇప్పుడు నా బల్ల మీదున్న ఓడ యజమాని భార్య చెబుతుంది.
వందేళ్ళ కిందట ఎవడో
ఆవిడ కళ్ళ కింది గీతల్ని మురికి అనుకున్నాడు.
గిన్నె తోమినట్టు తోమాడు.
ముఖం ఒలిచిన గుడ్డయింది.
చేతుల దాకా రాలేదు వాడు, పుణ్యం కట్టుకున్నాడు:
ఉబ్బిన కణుపులు, ఉప్పు తిన్న గోళ్ళు,
ఇక ఊడిరాని ఉంగరం.
ఆ ముఖం కిందకి చూసి
ఈ చేతులెవరివని అడుగుతున్నట్టుంటుంది.

అందుకని శనివారం రాత్రి
ఎడమ చెవి వెనక, తపాలా బిళ్ళంత మేర,
ఒక చుక్క.
అలవాటు కొద్దీ పనిపుస్తకంలోనే రాశాను.
పై వరసలో: నలభై ఒకటో చిత్రం, కింది ఎడమ మూల.
కింది వరసలో: నెరీనా, చెవి వెనక.
ఆదివారం, మార్పు లేదు.
సోమవారం, మార్పు లేదు.
మంగళవారం కొంచెం దురద.
(ఉన్ని టోపీది. టోపీ మార్చాను.)

బుధవారం కొత్త కుర్రాడు గద్దో
పుస్తకం తిరగేస్తూ అడిగాడు:
"మేడమ్, ఈ నెరీనా ఏ శతాబ్దపు చిత్రం?"
"పోయిన శతాబ్దానిది."
"పగుళ్ళున్నాయా?"
"ఉన్నాయి. నీ చెయ్యి పెట్టకు."
వాడు బుద్ధిగా రాసుకున్నాడు.

శుక్రవారానికి గాలి పడిపోయింది.
తాళ్ళ మీద సముద్రపు కాకులు కూర్చున్నాయి.
రెండు చుక్కలు అరచేతిలో వెచ్చబెట్టి
ముఖానికి అద్దాను, రుద్దలేదు.
భూతద్దంలోకి చూసీ చూసీ
కుడికంటి కొసన పడ్డ గీత
తడిసి మెరిసింది, మళ్ళీ ఆరింది.
గంట గడిచింది. పాలు కాచుకున్నాను. ఏమీ జరగలేదు.
ఏమీ జరగకపోవడం
ఇంత చల్లగా ఉంటుందని ఎవరైనా చెప్పారా నాకు?

ఓర్నెల్లాకి ఫోను చేశాను.
"మండట్లేదే!"
"మరి ముడతలో?"
"అవీ మండట్లేదు."