గళ్ళు

అరండల్‌పేట నాలుగో లైన్లో, మెట్ల కింద
నా మిక్సింగ్ గది.
మస్తాన్‌బీ ఫోన్ చాపింది. పదిహేడు సెకన్లు.
మిర్చి యార్డులో ఎవడో తీసి ఎవరికో పంపితే
వాడు ఇంకొకడికి, ఆ ఇంకొకడు బావమరిదికి...
చెయ్యి మారిన ప్రతిసారీ కాస్త పిండుకుంటూ
చివరికి ఈమె దగ్గరికి చేరింది
పెచ్చులూడిన గోడలా.

మిరప కుప్పలన్నీ ఇటుకలు.
టిక్కీ మోస్తున్న మనిషి మొహం
ఎనిమిది చుక్కల పొడుగూ ఎనిమిది చుక్కల వెడల్పూ
గళ్ళు గళ్ళుగా తరిగిపోయింది.
అంచుల చుట్టూ ముసిరే రొదకి
మా పనిలో దోమలని పేరు.
గదిలో అసలు దోమలూ ఉన్నాయి.
వాటికి ఫిల్టర్ లేదు.

ఫిల్టర్ తెలివి కాటా ముల్లు తెలివి.
గడికీ గడికీ మధ్య ఆగి
ఇటు రంగూ అటు రంగూ తూస్తుంది.
తేడా పెద్దదైతే నిజమైన అంచు, జోలికి పోదు.
చిన్నదైతే పిండినప్పుడు పడ్డ మడత,
తుడిచేస్తుంది.

తుడిచాను.
బుగ్గలు నునుపు తేలాయి. కుప్పలు మళ్ళీ కుప్పలయ్యాయి.
"చూడమ్మా" అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆమె మొహం చూళ్ళేదు.
నడుము కింద చూసింది.
"లుంగీ గళ్ళేవి?"

నీలం మీద నీలం.
మూడేళ్ళు ఉతికి ఉతికి
గీతకీ గుడ్డకీ తేడా
ఆమెకి తప్ప ఎవరికీ ఆననంత వెలిసింది.
ముల్లు కదల్లేదు. అబద్ధమనుకుంది.

"పట్నంబజారులో బేరమాడి కొన్నా.
సాదాది ఆయన కట్టడు" అంది,
ఆగి, "కట్టేవాడు కాదు."

ఆ రాత్రి ఫిల్టర్ బలం సగానికి దించి
నడుం చుట్టూ ముసుగు గీసి
ఒక్కో ఫ్రేమూ చేత్తో. నాలుగు వందల ఇరవై అయిదు.
రెండు టీలు, ఒక కరెంటు కోత.
ఇది మగ్గం గడి, ఇది మిషను గడి, ఇది మగ్గం...
తెల్లారేసరికి నాకే తేడా తెలియలేదు.

పొద్దున ఒప్పుకున్నాను:
గడ్డం దగ్గర రెండు గళ్ళు మిగిలాయి.
ఎరుపైతే అసలు కుదర్లేదు.
వెలుగుకిచ్చిన చోటులో పావు వంతే
వీడియో రంగుకిస్తుంది,
అందుకే మిరప కుప్ప గీత దాటి
ఆయన భుజం మీదికి, మెడ మీదికి కారింది.

మస్తాన్‌బీ నవ్వింది.
"యార్డులో అంతే గదయ్యా,
కుప్పలో కుదురుగా ఉంటుందా మిరప?
ఇంటికొచ్చినా మెడంతా అదే."

పదిహేడో సెకనులో ఆయన తుమ్మబోతాడు.
అక్కడ తెగింది క్లిప్పు.
దానికి నా దగ్గరేమీ లేదు.