చప్పట్లు చివర్లో

అతిథులకు సూచనలు రాసింది నేనే.
రహమతున్నీసా మేడం కాగితం చదివి
"తెలుగు మాస్టారూ, తొమ్మిది 'దయచేసి'లా!
క్వారీ షిఫ్టు దిగి వచ్చే మనుషులు,
మూడు చాలు" అన్నారు.
ఆరు కొట్టేశాను.

చీమకుర్తి హైస్కూలు ఆవరణ.
పగిలిన గ్రానైటు పలకలు పేర్చి కట్టిన వేదిక,
నల్లరాతిలో చుక్కలు పట్టపగలే మెరుస్తున్నాయి.
పది పాసైన పిల్లలు యాభై ఎనిమిది మంది,
ఒంగోలు నించి అద్దెకొచ్చిన నల్ల గౌన్లు ఇరవై ఆరు.
ఇటు మెట్లు దిగినవాడు విప్పితే
అటు ఎక్కేవాడు తొడుక్కోవాలి,
ముందువాడి చెమటతో సహా.

మైకు తీసుకున్నాను.
ఈలలు వద్దన్నాను. సెల్లుల చేత మూగనోము పట్టించమన్నాను.
వేదికెక్కి దండలెయ్యొద్దు, టోపీ మీద పూలు చల్లొద్దు,
అద్దెవాడు మరకకింతని పట్టుకుంటాడు.
మీ బిడ్డ దిగగానే మీరూ లేచిపోతే ఎట్టా,
చివరి బిడ్డకీ ఎదురుగా మొహాలు కావాలి గదా.
ఇక చప్పట్లు.
చివర్లో. అందరికీ కలిపి. ఒక్కసారే.

ఈ ఆఖరిది ఎందుకు రాశానో మేడంకీ చెప్పలేదు.
నిరుడు, క్రషర్ యజమాని మనవడికి ఈలల వాన కురిశాక
ఏసుపాదం పేరు పిలిచాను.
వాడి హవాయి చెప్పుల చప్పుడు
ఇటు మెట్ల నించి అటు మెట్ల దాకా
మొత్తం వినపడింది.

మొదటి పేరు అన్నం హారిక.
వెనక వరసలో ఒక్కడే, ఫెళఫెళా.
తలలన్నీ తిరిగాయి.
మాల్యాద్రి. పాలిషింగు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు,
కటింగు మిషను పక్కన చెవులు వదిలేసుకున్న మనిషి.
పక్కాయన మోచేత్తో పొడిచాడు,
"ఉండబ్బయ్యా, చివర్లో అంట."
ఇంకా గట్టిగా కొట్టమన్నాడనుకున్నట్టున్నాడు.
మేడం నావైపు చూశారు.
రెండోసారి చెప్పాను, ఈసారి ఆయన్నే చూస్తూ,
కొట్టేసిన దయచేసి ఒకటి మళ్లీ కలిపి.
నవ్వాడు. నాకూ కొట్టాడు చప్పట్లు.

ఇక వదిలేశాం.
షేక్ మస్తాన్‌వలికి కొట్టాడు.
గౌను కాళ్లకడ్డం పడి తూలిన కవలలిద్దరికీ
చెరో విడత కొట్టాడు.
సస్మిత బెహెరా,
అమ్మానాన్నా బ్లాకుల యార్డులో, సెలవు దొరకలేదు,
తెలుగులో తొంభై ఏడు తెచ్చుకున్న ఒడియా పిల్ల,
ఆ చప్పట్లు ఎక్కణ్ణించో అని వెతుక్కుంటూ
టోపీ పట్టుకుని ఒక్క క్షణం ఆగింది.
తక్కిన తండ్రులు చేతులు తొడల కింద పెట్టుకుని
బుద్ధిగా కూర్చున్నారు.
నా మాట ఇంత బాగా విన్న సభ
నా సర్వీసులో లేదు.

నలభై మూడో పేరు గోనుగుంట నవకాంత్,
మాల్యాద్రి కొడుకు.
చప్పుడు లేదు.
ఆయన లేచి నిలబడ్డాడు,
చేతులు రెండూ ముందుకు చాపి,
ఏదో బరువైన పలక అందుకోబోతున్నట్టు,
అట్టాగే ఉండిపోయాడు.
నవకాంత్ నడుస్తున్నాడు. కొత్త చెప్పులు.
ఒక్కో అడుగూ వినపడుతోంది.

ఒక చేతిలో మైకు, ఒక చేతిలో జాబితా.
ఏం చెయ్యను,
జాబితా చంకలో ఇరికించి
మైకు తల మీద అరచేత్తో బాదాను, దబ్ దబ్ దబ్,
రామతీర్థం వైపు మధ్యాహ్నం పేలే తూటాల్లాగా
స్పీకర్లు అదిరాయి, కాకులు లేచాయి,
మేడం టీ ఒలికింది.
ఆయనకీ తగిలినట్టుంది, గుండెల్లోనో అరికాళ్లలోనో,
ఉలిక్కిపడి చేతులు కలిపాడు.

అప్పటికి పిల్లాడు దిగి గౌను విప్పుతున్నాడు,
మెట్లెక్కుతున్నది పాలపర్తి జెస్సీ.
ఆ చప్పట్లు ఆ పిల్లకే వెళ్లాయి.