జార్‌లోంచి జారిన మాట

నా టేబుల్ మీద నడిచింది.
చెప్పుకోడానికి బాగుంటుంది గానీ
కలెక్టరాఫీసు మెట్ల దగ్గర ఆ మాటకు విలువ లేదు.

సోమవారం. అనంతపురం.
పదిన్నరకే రేకుల షెడ్డు పెనం.
అర్జీల క్యూ సైకిల్ స్టాండు దాటి
గేటు దాకా వంకర తిరిగింది.
టైపు కొట్టే పిల్లలు నలుగురు, వాళ్ల వెనక నేను,
నా వెనక ఎర్రిస్వామి, ఉగ్గాని పొట్లంతో.
"యాలమ్మా, మిషను పలకలేదా?"

పలికింది. ఎర్రగా, నలభై వరుసల్లో.
అందులో ముప్పైతొమ్మిది ఎవరి గొడవో.
అట్టడుగు నుంచి చదవడం ఈ పనిలో మొదటి విద్య:
పదాల ఫైలు దొరకలేదు.

దొరక్కేం? లోపలే ఉంది.
జాడీలో ఊరగాయ పెట్టినట్టు
నా చేత్తోనే పెట్టి మూత బిగించాను.
చిక్కంతా ఆ మూతతోనే.
బిగించక ముందు అది ఫైలు, దానికో దారీ తలుపూ.
జార్‌లోకి చేరినాక దారి పోయింది,
ధారగా తోడుకోవాల్సిందే.
ఒక్క వరుస మార్చి మళ్లీ కట్టాను.
మళ్లీ దొరకలేదు.
ఈసారి పేరులో ఒక పెద్దక్షరం.
నా విండోస్ పెద్దా చిన్నా చూడదు.
ఇక్కడి లినక్స్ చూస్తుంది.
ఆఫీసన్నాక చూస్తుంది కదా.

మధ్యాహ్నానికి నడిచింది.
నడిచి, మొదటి అర్జీని ఇట్లా చదివింది:
???? ?????? ??? ?????
రెండోదీ అంతే. మూడువందలూ అంతే.
ఎర్రిస్వామి వంగి చూసి
"సరిగ్గానే చదివింది గదమ్మా,
అందరూ అడగడానికే కదా వచ్చింది" అన్నాడు.
నవ్వుతూనే సెట్టింగుల్లో
యూటీఎఫ్ ఎనిమిది అని ఒక ముక్క రాశాను.
తలకట్లూ కొమ్ములూ సున్నాలూ తిరిగొచ్చి
ఎవరి చోట అవి కూచున్నాయి.

నాలుగింటికి నివేదిక.
ఎక్కువసార్లు వచ్చిన మాటలు:
నీళ్లు. పింఛను. కరెంటు. దారి. డాక్టరు.
ఏఓ సారు కళ్లజోడు పైకి తోసి
"బాగుండాదే జిల్లా, అన్నీ ఉండాయి" అన్నాడు.
హాస్యానికి కాదు.

నాకు కడుపులో ఏదో తిరిగింది.
ఒక కాయితం లాగాను. నీలి ఇంకు, చెమట మరక.
కుళ్ళాయమ్మ, గార్లదిన్నె పక్క పల్లె.
"బోరులో నీళ్లు లేదు సారూ. పింఛను రాలేదు.
ఇంట్లో మొగదిక్కు లేదు.
చెప్పుకుంటే వినేవాళ్లు లేదు."
మావాళ్లకు ఒకటైనా వందైనా అంతే,
అన్నిటికీ ఒకటే లేదు.
మిషను దాన్ని మింగి, నమిలి, కక్కింది:
బోరు నీళ్లు. పింఛను వచ్చు.
ఇల్లు మొగదిక్కు. చెప్పు. విను.

పనికిరాని మాటల పట్టీ అని ఒకటుంటుంది.
మరియు, కూడా, ఆ, ఈ, ఒక,
లెక్కకు అడ్డం పడే పిల్లమాటలు.
నా పట్టీలో 'లేదు' లేదు. ఒట్టు.
నేనే రాశాను, రెండు రాత్రులు.

పామ్ ఫైలు విప్పాను. పేరుకు తగ్గట్టే పాముల బుట్ట.
నేను పిలిచిన లైబ్రరీ ఒకటి,
అది వెంటేసుకొచ్చిన చుట్టం ఒకటి,
ఆ చుట్టానికి తోడొచ్చింది ఇంకొకటి, ఆరేళ్ల పాతది,
దాని సంచిలో నా పట్టీ పేరుతోనే మరో పట్టీ.
క్లాస్‌పాత్‌లో అది ముందు నిలబడింది.
ముందు దొరికిందే జావాకు నిజం.
నూటపద్నాలుగో వరుసలో
ఏ ఊళ్లోనో, ఏ చల్లటి గదిలోనో,
దేనికీ కొరత లేని ఎవరో
పనికిరాదని రాసిపెట్టారు:
లేదు.

చుట్టాన్ని వాకిట్లోనే ఆపి,
నా పట్టీకి ఎవరూ పెట్టని పేరు పెట్టి,
మళ్లీ కట్టేసరికి ఆరున్నర.
క్యూ బస్సులెక్కి పోయింది.
సైకిల్ స్టాండులో ఒకే సైకిలు.
కొత్త నివేదికలో అన్నిటికన్నా పైన
లేదు, పదకొండువందల నలభైసార్లు.

ఏఓ సారు చాలాసేపు చూశాడు.
"పైకెట్ల పంపేదమ్మా దీన్ని?
ఆ మాట ఒక్కటీ సెట్టింగుల్లో తీసేయొచ్చు గదా?"

తీసేయొచ్చు సారూ, ఒక్క వరుస.
అన్నాను గానీ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఎర్రిస్వామి చల్లారిన ఉగ్గాని నా వైపు తోశాడు.
"బజ్జీ లేదు" అన్నాడు, "పొద్దున్నే తినేసినా."